చెట్ల వైపు గది

అల్ఫారెట్టాలో ఈ ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజు, ఏజెంట్ వంటగది గురించి చెబుతుంటే నేను హాల్లో గోడను వేలి కణుపులతో తట్టి చూశాను. లోపల ఏమీ లేనట్టు డొల్లగా మోగింది. నేను పెరిగింది వరంగల్‌లో, స్లాబు వేసిన ఇంట్లో. ఆ గోడకు కేలండర్ తగిలించాలంటే నాలుగు మేకులు వంగిపోవాల్సిందే. ఈ దేశంలో ఇళ్ళు కర్ర చట్రానికి జిప్సం పలకలు బిగించి కట్టినవని నాకు తెలియక కాదు. అప్పటికి చాలా ఏళ్ళుగా అలాంటి అపార్ట్‌మెంట్లలోనే ఉంటున్నాం. కానీ అద్దె గోడ ఎలా మోగితే ఏం? ఇది మనదయ్యే గోడ.

నా భర్త ఆ చప్పుడు వినలేదు. వెనక కిటికీ దగ్గర నిలబడి చెట్లను చూస్తున్నాడు. పెరటి చివర వరసగా పైన్ చెట్లు. సగం ఎత్తు దాకా ఒక్క కొమ్మ కూడా లేని మానులు, ఆకంతా ఆకాశంలోనే. ఆయనది కోనసీమ. కొబ్బరి తోటల్లో పెరిగినవాడు. తలెత్తి చూడాల్సిన చెట్టు కనబడితే చాలు, ఆయన ముఖం మారిపోతుంది. ఆ ముఖం చూశాక ఇల్లు వద్దని ఎలా అంటాను?

కొన్నాం. ఇంటిని సుఖంగా తీర్చిదిద్దడం నా పనిగా పెట్టుకున్నాను. గదులన్నిటిలో నాకు బాగా కుదిరింది పై అంతస్తులో ఉన్న చెట్ల వైపు గది. పెద్ద కిటికీ. పొద్దున పైన్ ఆకుల్లోంచి వడకట్టుకుని వచ్చే ఎండ. వచ్చిన చుట్టాలందరూ మెచ్చుకునేది ఆ గదినే.

మొదటి శరదృతువులో గాలులు మొదలయ్యాక నాకు ఆ గదిలో కూర్చోవడం కష్టమైంది. కొబ్బరిచెట్టు గాలికి తల ఊపుతుంది. పైన్ మొదలంటా ఊగుతుంది. ఊగినప్పుడల్లా మానులోంచి పాత తలుపు తీసినట్టు కిర్రుమనే శబ్దం, గోడ దాటి లోపలికి వినిపించేది. వాటిలో ఒకటి ఇంటి వైపు వాలి ఉండేది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పనిచేస్తున్నా నా కళ్ళు దాని మీదే ఉండేవి. కొట్టించేద్దామని అడిగాను. కాలనీ అసోసియేషన్ వాళ్ళు పచ్చటి చెట్టు మీద చెయ్యి వేయనివ్వరు. ఆయనకూ ఇష్టం లేదు. వాలిన చెట్లు అలా వాలే వందేళ్ళు బతుకుతాయని నవ్వాడు. నేను నా డెస్క్‌ని కింది అంతస్తుకు మార్చుకున్నాను. అప్పట్నుంచి నా భయం ఇంట్లో ఒక జోక్ అయింది. బయట గాలి ఉందో లేదో యాప్‌లో చూడక్కర్లేదు, మమ్మీ మొహం చూస్తే చాలు అని నా కూతురు తన క్లాస్‌మేట్స్‌కి చెప్పేది. దానికప్పుడు ఏడేళ్ళు.

తర్వాతి ఫిబ్రవరిలో మా అత్తమ్మ వచ్చింది. ఇంట్లో అన్నిటికన్నా సుఖమైన గది కాబట్టి చెట్ల వైపు గదే ఆమెకిచ్చాం. మోకాళ్ళ నొప్పులతో వంగలేదని ఎత్తైన మంచం వేశాం. మంచం కిటికీ పక్కనే ఉండాలని కోరింది. పొద్దున్నే కాఫీకని మాటిమాటికీ దిగక్కర్లేకుండా ఒక కెటిల్, దేవుడి పటాలకు చిన్న బల్ల. గాలికి ఆకుల హోరు సముద్రంలా ఉందని ఆమె మురిసిపోయింది. ఆ కిర్రుమనే శబ్దం వినలేదా అని అడిగితే, చెట్టన్నాక శబ్దం చెయ్యదా అంది.

ఆమెకు గాలంటే భయం లేదు. చిన్నప్పుడు చూసిన తుఫాను గురించి నా కూతురికి కథలా చెప్పేది. కొబ్బరిచెట్లు మెలితిరిగి పడటం, ఊరంతా బడిలో తలదాచుకోవడం, పెద్ద గుండిగలో అందరికీ గంజి కాయడం. ఆ కథలో ఎవరూ ఏడ్చేవాళ్ళు కాదు. నా కూతురు మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. నేను వంటగదిలోంచి వింటూ, ఈ ఇంట్లో పిరికిదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

ఏప్రిల్‌లో బడికి వసంతకాలం సెలవులిచ్చిన వారంలో అది జరిగింది. పొద్దున్నుంచీ ఉక్క. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తమ్మ పైకెళ్ళి నడుం వాల్చింది. పిల్ల హాల్లో బొమ్మలు గీసుకుంటోంది. నేను మీటింగ్‌లో ఉన్నాను. బయట వెలుగు మెల్లగా రంగు మారింది. మబ్బు పట్టినప్పటి నలుపు కాదు, కమిలిన చర్మానికి వచ్చే పసుపుపచ్చ. తర్వాత ఫోన్ అరిచింది. టోర్నడో వార్నింగ్, వెంటనే షెల్టర్ తీసుకోమని. నా ఆఫీసు ఫోన్ కూడా అరిచింది. దూరంగా సైరన్ మొదలైంది.

మా ఇంటికి బేస్‌మెంట్ లేదు. కిటికీల్లేని చోటంటే మెట్ల కింద సామాన్లు పెట్టుకునే క్లోజెట్ ఒక్కటే. నా కూతురు నాకన్నా ముందే లేచి, బడిలో డ్రిల్‌లో నేర్పినట్టు అందులోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని తల చేతుల్లో దాచుకుంది. "మమ్మీ, నానమ్మ విండో పక్కన ఉంది. అది నాట్ సేఫ్" అంది, తల ఎత్తకుండానే.

నేను మెట్లెక్కి పరుగెత్తాను. అత్తమ్మ మేలుకునే ఉంది, దుప్పటి కప్పుకుని కిటికీలోంచి చూస్తోంది. కిందికి రమ్మన్నాను. ఆమె కదల్లేదు.

"నేను ఈ మోకాళ్ళతో మెట్లు దిగేసరికి నీ గాలి కాస్తా వెళ్ళిపోతుందమ్మాయ్. నువ్వూ పిల్లా కూర్చోండి. నేనిలాంటివి చాలా చూశాను."

నేను కిటికీలోంచి చెట్లు చూశాను. అవి అటూ ఇటూ ఊగడం లేదు. అన్నీ ఒకే వైపు వంగి, మళ్ళీ లేవకుండా అలాగే ఉన్నాయి. మంచం అంచున కూర్చున్నాను.

"అత్తమ్మా, మీరు రాకపోతే నేను గూడ ఇక్కడ్నే ఉంటా. కింద పిల్ల ఒక్కతే ఉంది."

బెదిరించడానికి అనలేదు. నిజంగానే లేవలేకపోయాను. ఆమె నా ముఖంలోకి చూసింది. ఏం కనబడిందో, దుప్పటి పక్కకు తోసి లేచింది.

ఆ మెట్లు అంత పొడుగ్గా నాకెప్పుడూ అనిపించలేదు. ఆమె రెండు చేతులతో మెట్ల రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతోంది. నేను ఆమె ముందు వెనక్కి నడుస్తూ దిగాను. పడితే నా మీద పడుతుందని. ఎత్తుకుని పరుగెత్తాలనిపించింది. తొందరపెడితే జారుతుందని నోరు మూసుకున్నాను. సగం దిగాక కరెంటు పోయింది.

క్లోజెట్‌లో సూట్‌కేసులు, బియ్యం బస్తా, వాక్యూమ్ క్లీనర్, వాటి మధ్య మేం ముగ్గురం. అత్తమ్మ మోకాళ్ళ మీద కూర్చోలేదు కాబట్టి బియ్యం బస్తా మీద కూర్చోబెట్టి తలుపు వేశాను. నా కూతురు సోఫా దిండు తెచ్చుకుందని అప్పుడు చూశాను. అది తీసి నానమ్మ తల మీద పెట్టి, రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. తను తల దాచుకోవడం మర్చిపోయింది.

టోర్నడో వస్తే రైలు వచ్చినట్టు వినబడుతుందని అంటారు. నాకు రైలేమీ వినబడలేదు. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి, విమానం దిగేటప్పటిలా. తలుపు దానంతటదే గడియలో కొట్టుకుంది. తర్వాత పైన ఏదో విరిగింది. విరగడం అంటే అంతసేపు పడుతుందని నాకు తెలీదు. మొదలై, ఆగి, మళ్ళీ మొదలై, చివరికి ఒక్క దెబ్బ. ఆ దెబ్బకు కింద నేల ఎగిరింది. మా తలల మీద మెట్ల కర్రల్లోంచి దుమ్ము రాలింది. నేను పిల్ల మీద పడుకున్నాను. పిల్ల దిండు వదల్లేదు.

తర్వాత వాన. ఇంటి మీద పడే వాన చప్పుడు కాదు. ఇంట్లో పడుతున్న వాన. దాంతో పాటు తలుపు కింది సందులోంచి వాసన వచ్చింది. అప్పుడే చీల్చిన పచ్చి కర్ర వాసన, జిగురు వాసన. చాలా మంచి వాసన. ఈ రోజుకీ నేలలు తుడిచే సబ్బుల్లో ఆ పరిమళం కలిపినవి షాపులో కనబడితే నేను వేరే వరసలోకి వెళ్ళిపోతాను.

అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. చెవి దగ్గర పెడితే, "వాడెక్కడున్నాడో, వాడెక్కడున్నాడో" అంటోంది. నా భర్త ఆఫీసులో ఉన్నాడు. ఫోన్ కలవలేదు. తలుపు తీయాలంటే భయమేసింది. గ్యాస్ లీకవుతోందేమో, తీగలు తెగి నీళ్ళలో పడ్డాయేమో. తలుపు అవతల ఇల్లు ఉందో లేదో కూడా తెలియదు. పిల్ల అయిపోయిందా అని అడుగుతోంది. తెలియదని చెప్పాను.

చివరికి తీశాను. హాలు ఎలా వదిలామో అలాగే ఉంది. పిల్ల రంగు పెన్సిళ్ళు బల్ల మీద దొర్లకుండా అలాగే ఉన్నాయి. అది నన్నింకా భయపెట్టింది. వాళ్ళిద్దర్నీ కదలొద్దని చెప్పి పైకి వెళ్ళాను. మెట్ల మీద నీళ్ళు సన్నగా జారుతున్నాయి. చెట్ల వైపు గది తలుపు సగమే తెరుచుకుంది. ఆ సందులోంచి లోపలంతా పచ్చగా కనబడింది. ఒక్క క్షణం ఏం చూస్తున్నానో అర్థం కాలేదు. గదిలో కొమ్మలున్నాయి. పైన ఆకాశం ఉంది. మంచం ఉండాల్సిన చోట మాను పడుకుని ఉంది. పరుపు దాని కింద పుస్తకంలా రెండుగా మడుచుకుపోయింది. దుప్పటి ఒక అంచు మాత్రం బయటికి కనబడుతోంది.

తలుపు దగ్గరికి లాగి కిందికొచ్చాను. అత్తమ్మ నా వైపు చూసి, "నా గదేనా?" అంది.

"అవునత్తమ్మా."

ఆమె కాసేపటికి మంచినీళ్ళు కావాలంది.

ఫైర్ వాళ్ళు వచ్చి గ్యాస్ ఆపి, ఇంట్లో ఉండొద్దన్నారు. మా వీధిలో ఇంకెవరికీ ఏమీ కాలేదు. రోడ్ల మీద చెట్లు పడి దారులు మూసుకుపోవడంతో నా భర్త కారు ఎక్కడో వదిలేసి వానలో నడిచి వచ్చాడు. ముందు కప్పు చూశాడు. తర్వాత ఎదురింటి వాళ్ళ వరండాలో కూర్చున్న మమ్మల్ని చూశాడు. కూతురిని ఎత్తుకుని, తల్లి ముందు కూలబడి, ఎక్కడున్నావమ్మా, పైన ఉన్నావా అని అడిగాడు. ఆమె "అమ్మాయి లేపింది" అంది.

ఇల్లు బాగయ్యేదాకా ఇన్సూరెన్స్ వాళ్ళు మమ్మల్ని వంటగది కూడా ఉన్న ఒక హోటల్లో పెట్టారు. శుభ్రమైన గదులు, మెత్తటి పడకలు. అక్కడ మాలో ఎవరికీ నిద్ర సరిగా పట్టలేదు. అందరికన్నా ఎక్కువ మారింది అత్తమ్మ. గాలిని లెక్కచేయని మనిషి, కిటికీ పక్కనున్న మంచం ఎక్కనని భీష్మించింది. బాత్రూమ్ ముందున్న ఇరుకు దారిలో దుప్పటి పరుచుకుని, ఆ మోకాళ్ళతోనే కిందే పడుకునేది. పార్కింగ్‌లో లారీ కదిలినా లేచి కూర్చునేది. నేను సూపర్‌మార్కెట్‌లోకి అడుగు పెడితే మొదట కిటికీల్లేని గోడ ఏ వైపుందో వెతికేదాన్ని. నా కూతురు ఎక్కడికెళ్ళినా అదే ప్రశ్న. ఒకరోజు స్నేహితుల ఇంటికి భోజనానికి వెళ్తే, చెప్పులు విప్పకముందే, "ఆంటీ, మీ ఇంట్లో సేఫ్ ప్లేస్ ఎక్కడ?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వుతూనే మెట్ల కింద తలుపు చూపించింది. నేనూ, అత్తమ్మా, పిల్లా, ముగ్గురం వెళ్ళి ఆ తలుపు తీసి లోపలికి చూసి వచ్చాం.

ఒక పొద్దున కాఫీ తాగుతూ అత్తమ్మ నాతో మామూలుగా చెప్పింది. పిల్లకు చెప్పిన తుఫాను కథలో ఒక ముక్క వదిలేసిందట. అప్పుడు వాళ్ళది పెంకుటిల్లు. ఈమె బడికి రానని మొరాయించి కూర్చుంటే, వాళ్ళమ్మ జడ పట్టుకుని నీళ్ళలో ఈడ్చుకెళ్ళిందట. తెల్లారి వచ్చి చూస్తే ఇల్లు లేదు. పునాది రాళ్ళు ఉన్నాయి.

"పెళ్ళయ్యాక కూడా గాలేస్తే నాకు నిద్ర పట్టేది కాదు. మీ మామయ్యగారితో పోరి పోరి స్లాబు వేయించాను. ఆ తర్వాతే పడుకున్నాను. నాకు ధైర్యం, నాకు ధైర్యం అని అందరికీ చెప్పుకు తిరిగాను గానీ, ఆ ధైర్యం నాది కాదమ్మాయ్, స్లాబుది."

నేను లేచి కప్పులు తీశాను. ఆమె నా వెనకనుంచి అంది, "మా అమ్మ జడ పట్టుకు లాగింది. నువ్వు నయం, మెల్లగానే తెచ్చావు."

ఆగస్టులో ఆమె కాకినాడలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మేం ఇంటికి తిరిగి వెళ్ళేసరికి ఆకులు రంగు మారుతున్నాయి. చెట్లు పరీక్షించే ఆయన్ని పిలిపించాం. పడిపోయిన చెట్టు మొదట్లో లోపలంతా కుళ్ళి గుల్లయిపోయి ఉందని చెప్పాడు. వరసలో అన్నిటికన్నా నిటారుగా నిలబడ్డ చెట్టు అదే. నేను దాన్ని ఒక్కసారి కూడా అనుమానంగా చూసి ఎరగను. నేను నెలల తరబడి కాపలా కాసిన వాలుచెట్టు గట్టిగా ఉందట, దాన్ని కదపక్కర్లేదట. ఇంకో రెండింటికి కుళ్ళు పట్టిందని వాటిని కొట్టించారు. ఆ మాట విన్నాక నా భయం తగ్గాల్సింది. తగ్గలేదు. ఏది చూసి భయపడాలో కూడా నాకు తెలియదని తెలిశాక, భయం ఒక్క చెట్టు దగ్గర ఆగకుండా అన్నిటికీ పాకింది.

చెట్ల వైపు గది కొత్తగా కట్టారు. కొత్త కప్పు, కొత్త గోడ, అదే చోట కిటికీ. మునుపటికన్నా అందంగా ఉంది. అందులో ఎవరూ పడుకోరు. మేం భోజనాల బల్ల తీసేసి ఆ చోట మంచాలు వేసుకున్నాం. వచ్చినవాళ్ళు అంత పెద్ద ఇంట్లో ఇదేమిటని అడుగుతారు. ఒక స్నేహితురాలు ఇంటీరియర్ పాడైపోయిందని బాధపడింది. నిజమే, చూడటానికి బాగుండదు. హాల్లోకి అడుగుపెట్టగానే మా దుప్పట్లు కనబడతాయి. కానీ ముగ్గురం ఒకరికొకరం చేతికందేంత దూరంలో పడుకుంటాం. అర్ధరాత్రి లేచి అందరూ ఉన్నారా అని లెక్క చూసుకోవాల్సిన పని లేదు.

ఈ ఏడాది మార్చిలో మళ్ళీ ఒక మధ్యాహ్నం ఫోన్లు అరిచాయి. ఈసారి నా భర్త ఇంట్లోనే ఉన్నాడు. నేను క్లోజెట్ తలుపు తీసేసరికే పిల్ల లోపలుంది. ఇప్పుడు అందులో సూట్‌కేసులు లేవు, బియ్యం లేదు. దిండ్లు, నీళ్ళు, టార్చిలైటు ఉన్నాయి. నా కూతురు పుస్తకం కూడా తెచ్చుకుంది. మేమిద్దరం చేసిందే మళ్ళీ చేస్తున్నవాళ్ళలా సర్దుకుని కూర్చున్నాం. టార్చి వెలుగులో ఆయన్ని చూశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు మేం ఒక శబ్దం విన్నాం, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మాకు తెలుసు. ఆయన వినలేదు. వానలో నడుస్తూ ఊహించుకున్నదే ఆయన దగ్గరుంది, దానికి అంతు లేదు.

గాలి మా మీదుగా పోలేదు. వార్నింగ్ ఎత్తివేసినట్టు మెసేజ్ వచ్చింది. పిల్ల పుస్తకం మూసి బయటికెళ్ళి టీవీ పెట్టుకుంది. నేను వెళ్ళి టీ పెట్టాను. ఆయన రాలేదు. పిలిస్తే, "నువ్వెళ్ళు, ఫైవ్ మినిట్స్‌లో వస్తా" అన్నాడు. రెండు కప్పులూ పట్టుకుని తిరిగి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంచి, ఆయన పక్కన దిండు మీద కూర్చుని, ఒక కప్పు చేతికిచ్చాను. బయట వాన మామూలుగా కప్పు మీద పడుతోంది. "కాళ్ళు చాపుకో, చోటుంది" అన్నాను. ఆయన చాపుకున్నాడు.